డిస్క్ లేదనే బహానా ఇక చెల్లదు

మన ఇళ్లల్లో చాలాచోట్ల గుడ్డ కప్పి ఓ మూలన పెట్టిన కంప్యూటర్ ఒకటుంటుంది. పెద్దోడి డిగ్రీ కోసం ఎప్పుడో కొన్నది. ఇప్పుడు చిన్నదాని తాలీమ్‌కి అవసరమొచ్చి బాగుచేయిద్దామని తీసుకెళ్తే, "పాతదైపోయింది సాబ్, కొత్తది కొనాల్సిందే" అని ఫైసలా చెప్పేస్తారు. ఆ మాటకి తలూపి అప్పుకోసం వెతికే ముందు ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం ఖర్చు పెట్టి చూడండి అంటాను నేను.

ఈ ఫైసలా ఈమధ్య ఎందుకు ఎక్కువైందో తెలుసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరమో, ఆ తర్వాతదో అయ్యుండాలి. అంటే మిషన్ సహీ సలామత్‌గా ఉన్నా ఈ లెక్కలో బేకార్! అప్పుడు జనం చేసేది రెండే. అప్పుచేసి కొత్తది కొనడం, లేదా ఎవరో క్రాక్ చేసిన విండోస్ ఎక్కించుకోవడం. మొదటిది జేబుకి నుక్సాన్. రెండోది పరాయి సొత్తు, పైగా లోపల ఏ వైరస్ దాగుందో ఖబర్ ఉండదు.

మూడో దారి లినక్స్. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి ముఫ్త్‌గా దొరుకుతాయి. పదిమందికి కాపీ చేసిచ్చినా చోరీ కాదు, వాటి లైసెన్సే ఆ ఇజాజత్ ఇస్తుంది.

"దానికి సీడీ రాయాలంట కదా" అనే మాట ఇంకా వినబడుతోంది. ఒకప్పుడు నిజమే. ఉబుంటు వాళ్లు 2011 వరకూ అడిగినవాళ్లకి పోస్టులో ఉచితంగా సీడీలు పంపేవాళ్లు. ఆ జమానా పోయింది. సీడీలో పట్టేది 700 ఎంబీ. ఇప్పుడు లినక్స్ మింట్ ఫైలే దాదాపు 3 జీబీ. కొత్త లాప్‌టాప్‌లకి డిస్క్ పెట్టే జాగానే లేదు.

ఇప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్ కాఫీ. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ దించుకోవాలి. దాన్ని మామూలుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే కంప్యూటర్ లేవదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో పెన్‌డ్రైవ్‌నీ ఐఎస్ఓనీ చూపించి స్టార్ట్ నొక్కాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది, యాద్ పెట్టుకోండి. తర్వాత కంప్యూటర్ ఆన్ చేస్తూనే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో మీ కంపెనీది ఏదో ఆ కీ నొక్కి, పెన్‌డ్రైవ్ నుంచి లేపాలి.

అసలు ఫాయిదా ఇక్కడుంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ మొత్తం పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా తసల్లీగా చూసుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ ఎక్కడిది అక్కడే. ర్యామ్ 4 జీబీ ఉన్న మిషన్‌కి మింట్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ మేలు.

ఖతరా ఉన్నది ఒక్కచోటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎరేజ్ డిస్క్" అని ఒక దారి చూపిస్తుంది. అది నొక్కితే నికాహ్ ఫోటోలూ, అబ్బాజాన్ గొంతు ఉన్న వీడియోలూ అన్నీ పోతాయి. అవి ఇంటిల్లిపాది అమానత్. ముందు వేరే డ్రైవ్‌లోకి తీసి, తెరుచుకుంటున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి. తొందర వద్దు, సబర్ కావాలి.

లినక్స్ అందరికీ సరిపోతుందని నేను చెప్పను. ఇన్‌పేజ్‌లో ఉర్దూ కితాబత్ చేసేవాళ్లు, అను ఫాంట్లతో తెలుగు డీటీపీ చేసేవాళ్లు, దుకాణం లెక్కలకి టాలీ మీద ఆధారపడ్డవాళ్లు రోజీ ఇచ్చే ఆ మిషన్ జోలికి పోవద్దు. కానీ పిల్లల చదువుకి కావలసింది బ్రౌజర్, వీడియో పాఠాలు, ఉత్తరం రాసుకోను లిబ్రే ఆఫీస్. అవన్నీ ఉన్నాయి. కీబోర్డ్ సెట్టింగ్ మారిస్తే ఒకే కాగితం మీద తెలుగూ ఉర్దూ రాసుకోవచ్చు. నోటో నస్తాలీఖ్ ఫాంట్ వేసుకుంటే అమ్మీకి అలవాటైన రాతలోనే ఉర్దూ కనిపిస్తుంది.

ఇది మగపిల్లల హునర్ అనుకోవడం కూడా మానాలి. ఆ పెన్‌డ్రైవ్ తయారుచేసే పని ఇంట్లో ఆడపిల్లకి అప్పగించండి. పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం లాక్కోకండి. రేపు మొహల్లాలో ఇంకో నాలుగిళ్ల కంప్యూటర్లు ఆ బిడ్డే లేపుతుంది. లాప్‌టాప్ లేదని చదువాపే మజ్బూరీ ఒక్క ఇంట్లో తప్పినా, ఆ పెన్‌డ్రైవ్ ఖర్చు వసూలైనట్టే.