ఇంజను కట్టేవాడికి రోడ్డే గతా?

ఎవడో సైలెన్సరు పీకేసిన బండి వేసుకుని అర్ధరాత్రి ప్యారడైజ్ దగ్గర ఢమఢమలాడించుకుంటూ పోతాడు. మర్నాడు ఆఫీసు క్యాంటీన్లో తీర్పు వచ్చేస్తుంది: "ఈ బైకులు మోడిఫై చేసేవాళ్ళందర్నీ లోపలెయ్యాలండీ!" నాకు పేచీ అల్లా ఆ "అందర్నీ" దగ్గరే.

సైలెన్సరు పీకడం మోడిఫికేషన్ కాదు, న్యూసెన్సు. దానికి ఇంజనీరింగుతో సంబంధం లేదు. అసలు దానివల్ల చాలాసార్లు పవరు తగ్గుతుంది కూడా. సికింద్రాబాద్ లో పాత మేస్త్రీల దగ్గరికి వెళ్తే మొదట అడిగేదే అది, "సౌండు కావాల్నా సార్, పవర్ కావాల్నా?" అని. రెండూ వేరని వాళ్ళకి తెలుసు. మన బీటెక్కులకే తెలీదు.

యమహా ఆరెక్స్ 100 తీసుకోండి. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైంది. 98 సీసీ, 11 హెచ్‌పీ. అంటే లీటరు లెక్కన 112. అమెరికావాళ్ళు దేవుడిలా కొలిచే షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఉంది చూశారూ, అది 1955లో మొదటిసారి వచ్చినప్పుడు 4.3 లీటర్లకి 162 హెచ్‌పీ, లీటరుకి 37. మన కాలేజీ కుర్రాళ్ళ బండి దానికి మూడింతలన్నమాట! (మనది టూ స్ట్రోకు కాబట్టి ప్రతి చుట్టుకీ పేలుతుంది, దానిది రెండు చుట్లకోసారి, పైగా కొలిచే పద్ధతులూ వేరు. మరీ ఎగరక్కర్లేదు లెండి :))

సరే, ఆ 11ని ఇంకా పెంచాలంటే? టార్కుని కేజీ-మీటర్లలో తీసుకుని, ఆర్పీఎంతో హెచ్చవేసి, 716తో భాగిస్తే హెచ్‌పీ వస్తుంది. చిన్న సిలిండర్లో టార్కు పెద్దగా పెరగదు. ఇక మిగిలింది ఆర్పీఎం. 7500 దగ్గర 11 ఇచ్చేదాన్ని అదే టార్కుతో 11000 దాకా ఊపిరాడేలా చెయ్యగలిగితే 16 వస్తుంది. చెప్పడానికి ఇంతే. కానీ కనెక్టింగ్ రాడ్డు మీద, క్రాంకు మీద పడే లోడు ఆర్పీఎం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా తిప్పితే లోడు రెండింతలు దాటుతుంది. ఊపిరాడించడమూ అంత సులువేం కాదు. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒక ప్రెషర్ వేవ్ పైపులోకి పరిగెడుతుంది. పైపు వెడల్పయ్యే చోట పుట్టే సక్షను సిలిండర్లో పొగని లాగేస్తుంది, దాంతోపాటు కొంత కొత్త పెట్రోలూ గాలీ బయటికొచ్చేస్తాయి. పైపు మళ్ళీ సన్నబడే చోట వేవ్ వెనక్కి తిరిగి, సరిగ్గా పోర్టు మూసుకోబోయే ముందు, ఆ బయటికొచ్చినదాన్ని లోపలికి తోసెయ్యాలి. 11000 ఆర్పీఎం దగ్గర ఒక చుట్టుకి పట్టేది ఐదున్నర మిల్లీసెకన్లు, అందులో పోర్టు తెరిచుండేది సుమారు సగం. పైపు పొడవు అంగుళం అటూ ఇటూ అయితే పవరొచ్చే ఆర్పీఎం జరిగిపోతుంది. ఆ పైపునే పీకేసి "రేసింగ్ బండి" అంటాడు మన ప్యారడైజ్ హీరో.

రాణీగంజ్ లో పార్టులు వెతుక్కుని, బాలానగర్ లో లేతు మీద పని చేయించుకుని, ఆదివారాలు పోర్టులు ఫైలు చేసుకునేవాడు చేసేది ఈ పని. డీబగ్గింగ్ కి దీనికన్నా దగ్గరి చుట్టం ఇంకోటి లేదు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, కొలవాలి, రాసుకోవాలి. జెట్టు ఒక్క సైజు తక్కువైతే పిస్టను సీజవుతుంది, అన్‌డూ బటన్ ఉండదు.

ఇప్పుడు అసలు గొడవ. కట్టాక దాన్ని ఎక్కడ పరిగెత్తించాలి?

రోడ్డు మీద కాదు, అందులో నాకు రెండో మాట లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ లో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 సవరణ తర్వాత మార్చిన ఒక్కోదానికి 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బాగానే ఉంది. రాయదుర్గంలో టీ-హబ్ చుట్టూ అర్ధరాత్రి రేసులాడే పిల్లల్ని పోలీసులు పట్టుకుంటే నేను చప్పట్లే కొడతాను. నా పిల్లలూ ఆ రోడ్ల మీదే తిరగాలి. కానీ అదే చట్టంలో 189వ సెక్షను చదవండి. రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా, బహిరంగ ప్రదేశంలో రేసు పెట్టకూడదంటుంది. అంటే అనుమతి తీసుకుని పెట్టుకోవచ్చు, ప్రైవేటు స్థలంలో పెట్టుకోవచ్చు. తలుపు తెరిచే ఉంది.

ఆ తలుపులోంచి ఎవరెళ్ళారు? 2022లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టారు. ఆ కార్లలో ఉన్నది 1100 సీసీ అప్రిలియా ఇంజను, 220 హెచ్‌పీ. చిన్న ఇంజను నుంచి ఎంత పిండొచ్చో చూపించే అద్భుతమైన ముక్క, కానీ ఇటలీది. మనం బారికేడ్ల అవతల నిలబడి చూశాం. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ వచ్చింది, ట్రాఫిక్ మళ్ళించారు, సినిమావాళ్ళొచ్చి ఫోటోలు దిగారు. 2024 రేసు ఆ జనవరిలోనే రద్దయింది, డిసెంబరుకల్లా చెల్లింపుల మీద ఏసీబీ కేసు. రాజకీయం నాకొద్దు. ఇంత హడావుడిలో ఊళ్ళో ఇంజను కట్టే ఒక్క కుర్రాడికి అరకిలోమీటరు తారు దక్కిందా? అదీ నా ప్రశ్న.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే గోల. యుద్ధం అయ్యాక కుర్రాళ్ళు పాత కార్లు విప్పి వీధుల్లో పందేలు వేసుకునేవాళ్ళు, జనం చచ్చేవాళ్ళు. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టి, వాడకంలో లేని ఎయిర్‌స్ట్రిప్పుల్లాంటి చోట్ల, రూల్సుతో, తనిఖీలతో వాళ్ళని పరిగెత్తించాడు. ఆ స్మాల్ బ్లాకు జనం ఇంజనయింది ఆ స్ట్రిప్పుల మీదే. అంతదూరం ఎందుకు, మద్రాసు చూడండి. 1953లో క్లబ్బు పెట్టుకున్నారు, షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్పు మీద ఏళ్ళ తరబడి రేసులు నడిపారు, 1990కల్లా ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నారు. క్లబ్బు కట్టుకుంది, సర్కారు కాదు.

ఇక్కడే మనవాళ్ళ మీద కూడా కోపం వస్తుంది. పదిహేను లక్షలు పోసి సూపర్ బైకు కొని, ఆదివారం ఓఆర్ఆర్ ఎక్కి 200 కొట్టి వీడియో పెట్టేవాడు మనకి "ప్యాషనేట్ రైడర్". యాభైవేలతో షెడ్డులో ఇంజను కట్టేవాడు "పోకిరీ". "కొనుక్కుంటే పోలా, ఎందుకండీ ఈ గ్రీజు?" అంటారు. పోనీ, రెడీమేడ్ గా కోడు దొరుకుతుంది కదా, మీరెందుకు రాస్తున్నట్టు? స్టేజింగ్ సర్వరు ఇవ్వకుండా ప్రొడక్షన్లో టెస్ట్ చెయ్యొద్దని టీముని తిట్టే మేనేజరుని మీరేమంటారు?

కావలసింది పెద్దదేం కాదు. క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు పరిగెత్తడానికి, ఆగడానికి ఇంకో అంతకన్నా ఎక్కువ. రెండువైపులా ఫెన్సింగు, ఒక అంబులెన్సు, హెల్మెట్టూ బ్రేకులూ చూసి పంపే మనిషి, బళ్ళు ఆటో ట్రాలీలో వచ్చి ట్రాలీలోనే వెళ్ళాలన్న రూలు. నెలకో ఆదివారం చాలు. మొదటి డబ్బులు సర్కారుని అడగక్కర్లేదు, మన కారిడార్ బేస్‌మెంటుల్లో దుమ్ముకొట్టుకుపోతున్న సూపర్ బైకుల ఓనర్లు ఒక్క నెల ఈఎంఐ చొప్పున వేసుకుంటే మొదలవుతుంది. సర్కారు ఇవ్వాల్సింది ఆ రాతపూర్వక అనుమతి.