పెట్టెకు తెలుగొచ్చు, బిల్లుకు రాదు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్నారు పెద్దలు. ఒకనాటికి వడ్డన లెక్క యంత్రం చేతికి పోతుందని పాపం వాళ్ళు ఊహించలేదు. యంత్రం ఎవరి మనిషండీ? మొదటి బంతి వాడి మనిషా, కడబంతి వాడి మనిషా? ఈ ప్రశ్న నన్ను మొన్న గరివిడిలో పట్టుకుని ఇంతవరకూ వదల్లేదు.

రైలు లేటని తెలిసి స్టేషనుకు కొంచెం దూరంలో ఉన్న హోటల్లో టిఫినుకు కూర్చున్నాను. హోటలు పేరు చెప్పను. చెబితే తప్పంతా ఆ ఒక్క హోటలుదే అనుకుంటారు. నా ఎదుటి బల్ల దగ్గర ఒక ముసలాయన, భుజాన తువ్వాలు, ఒళ్ళో సంచీ. రెండిడ్లీలు తిన్నాడు, టీ తాగాడు, జగ్గులో నీళ్ళు వంపుకున్నాడు. కుర్రాడు వచ్చి, సోంపు ప్లేటు కింద వేలెడంత కాయితం పెట్టి పోయాడు. ముసలాయన దాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు. ఆఖరికి నా చేతికిచ్చాడు.

"నాను సదువుకోనేదు బావూ. ఇందల ఏటి రాసినారో సూడు. రెండిడ్డెన్లకీ, ఒక టీకీ డెబ్బైతొమ్మిది రూపాయలేటి?"

చదివాను. ఇడ్లీ 40. టీ 15. దాని కింద అచ్చులన్నీ ఎవరో మింగేసిన ఇంగ్లీషు మాట ఒకటి: డబ్ల్యూ టీ ఆర్, బీ టీ ఎల్. నీళ్ళ సీసా అన్నమాట, 20. ఆ కింద కేంద్రం పన్ను రూపాయి ఎనభై ఎనిమిది పైసలు, రాష్ట్రం పన్ను మరో రూపాయి ఎనభై ఎనిమిది. చివర రౌండాఫ్ పేరుతో ఇరవై నాలుగు పైసలు.

"సీసా తీసుకున్నావా తాతా?"

"సీసా ఎక్కడిది బావూ! జగ్గు నీలే గదా తాగినాను."

కుర్రాణ్ణి పిలిచాను. మర్యాదస్తుడే. "సిస్టంలో పడిపోయిందండి. తియ్యాలంటే మేనేజరుగారి పాస్‌వర్డు ఉండాలి. ఆయన విజయనగరం వెళ్ళారు" అన్నాడు. నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను, తాత నోట్లు లెక్కపెట్టి ఇచ్చేసి లేచాడు. బండి తప్పిపోతే ఇరవై రూపాయలతో పోదు కదా!

నా వంతు అరవై మూడు రూపాయలు ఫోనుతో కట్టాను. కౌంటరు మీది చిన్న పెట్టె వెంటనే గొంతు విప్పి, అరవై మూడు రూపాయలు అందాయని చక్కని తెలుగులో ఊరంతా వినబడేటట్టు చెప్పింది.

అదీ నాకు మంట! మన జేబులో డబ్బు యజమాని జేబులోకి పోయేటప్పుడు యంత్రానికి తెలుగొస్తుంది. ఆ డబ్బు దేనికో మనకు చెప్పవలసి వచ్చేటప్పుడు మాత్రం ఇంగ్లీషే, అదీ అచ్చులు లేని ఇంగ్లీషు. పెట్టెకు తెలుగు నేర్పినవాళ్ళు బిల్లుకు ఎందుకు నేర్పలేదో ఆలోచించండి. పెట్టె యజమాని కోసం అరుస్తుంది. బిల్లు మనకోసం కదా, అది మూగదైతే ఎవరికి నష్టం?

పాత రోజులే బంగారమని నేననను. అప్పుడు సర్వరు ఎనిమిది బల్లల లెక్క నెత్తిలో పెట్టుకుని, "నీలం చొక్కా బాబుగారు మూడూ పాతిక!" అని కౌంటరుకు వినబడేలా కేకేసేవాడు. ఆ కేకలో పొరపాట్లుండేవి, యజమానికి టోపీలూ పడేవి. జేబులో అంత లేనివాడి పరువు కూడా ఆ కేకతోనే పోయేది. కానీ అందులో ఒక గొప్ప గుణం ఉంది. ఏం తిన్నావో, ఎంతయిందో చదువు రానివాడికి కూడా తెలిసేది. లెక్క తప్పితే "అదేటి, నాను వడ తిన్నేదు" అని అక్కడికక్కడే కేకకు ఎదురు కేక వేసేవాడు. పాస్‌వర్డు అక్కర్లేదు.

ఈ పాస్‌వర్డు ఎందుకు వచ్చిందో తెలియాలంటే యంత్రం పుట్టుక చూడాలి. 1879లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో జేమ్స్ రిట్టీ అనే సారాకొట్టు యజమాని, తన కొట్లో పనివాళ్ళు గల్లాలో చెయ్యి పెడుతున్నారని విసిగి, సోదరుడితో కలిసి ఒక లెక్కల యంత్రం చేశాడు. దానికి పెట్టుకున్న పేరుకు అర్థం లంచం పట్టని క్యాషియరు అని! అంటే దీని పుట్టుకే అనుమానంలో. పనివాణ్ణి కనిపెట్టడానికి పుట్టింది. ఈనాటికీ అదే బుద్ధి. డబ్బు తీసుకుని, బిల్లు కొట్టేసి, సొమ్ము జేబులో వేసుకునే దొంగలుంటారని రద్దుకు తాళం వేశారు. వేసుకోనివ్వండి, యజమాని బాధ యజమానిది. కానీ లోపలి దొంగకు వేసిన తాళం బయటి తాత మెడకు పడితే ఎలా? ఇంకో మాట. పాత గల్లా యంత్రాల్లో మీట నొక్కితే గంట మోగి, అంకెలు పైకి లేచి కొనేవాడికీ కనబడేవి. ఇప్పటి తెర ముఖం కౌంటరులోపలికి, వీపు మన వైపుకి!

దీని భాష కూడా వినండి. దీన్ని పాయింట్ ఆఫ్ సేల్ అంటారు. మనకు గల్లా అన్న మాట ఉండగానే! వంటింటికి పోయే చీటీ కేవోటీ. తినే మనిషి పేరు కవరు, ఉత్తరం వేసే కవరు కాదు సుమండీ, మీరూ నేనూ. "కారం తగ్గించమను తల్లీ" అన్నది మోడిఫయరు. మనం ఎంత తొందరగా లేచిపోతే అంత మంచి టేబుల్ టర్ను. "ఇంకో అట్టు వేయించుకోండి" అని మన అత్తగారు అంటే మర్యాద. అదే మాట తెర మీద పడితే అప్‌సెల్లు. ఇంటికొచ్చినవాణ్ణి అతిథి అన్న దేశంలో మనిషి కవరైపోయాడు.

ఇదంతా మాటల గోల అని కొట్టిపారేయకండి, డబ్బు సంగతి కూడా ఉంది. 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటలు తిండి మీద జీయస్టీ 5 శాతం. కానీ కాంపోజిషన్ పద్ధతి ఎంచుకున్న చిన్న హోటలు ఆ పన్నును తన రాబడిలోంచే కట్టుకోవాలి, తినేవాడి దగ్గర విడిగా వసూలు చెయ్యకూడదు. ఆ సంగతి బిల్లు మీదే రాయాలి. సర్వీసు చార్జీని అడక్కుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. బిల్లు కోసం ఫోను నంబరివ్వమని బలవంతం చెయ్యొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో సలహా ఇచ్చింది. ఇన్ని రక్షణలున్నాయి, ఫిర్యాదు చెయ్యడానికి 1915 అనే నంబరూ ఉంది. కానీ బిల్లు చదవలేనివాడికి తనకు అన్యాయం జరిగిందనే తెలియదే! ఫిర్యాదు ఎవరి మీద చేస్తాడు, దేనికని చేస్తాడు?

"మేమేం చేస్తామండీ, సాఫ్టువేరు ఇంగ్లీషులోనే వస్తుంది" అంటారు హోటలు వారు. పేర్లు టైపు కొట్టించింది ఎవరు? ఆ చిన్న అచ్చుయంత్రం వేడితో చుక్కలు వేస్తుంది, ఆ చుక్కలు ఏ ఆకారమైనా అవుతాయి. బిల్లు నెత్తిన హోటలు గుర్తునీ, పక్కన దేవుడి బొమ్మనీ అచ్చు వేసే యంత్రానికి ఇడ్లీ అన్న రెండక్షరాలు బరువా?

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు వాడుక భాష పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటేటా తెలుగు భాషా దినోత్సవమని దండలు వేస్తాం. వేసి, పక్క హోటలుకు పోయి, అచ్చుల్లేని ఇంగ్లీషు బిల్లు చూడకుండానే డబ్బు కట్టేస్తాం.

నేను పెద్ద కోరికలు కోరడం లేదు. తెర మన వైపు తిప్పండి. బిల్లు తెలుగులో కొట్టండి. తినని పదార్థం తీసే అధికారం హోటల్లో ఉన్నవాడి చేతికి ఇవ్వండి. ఇవి జరిగేలోపు పాఠకులకు ఒక మనవి. కుర్రాడు కాయితం తెచ్చినప్పుడు, మీకు ఇంగ్లీషు దివ్యంగా వచ్చినా సరే, "నాయనా, కాస్త పైకి చదివి వినిపించు" అనండి. తెలుగులో, పక్క బల్లకు వినబడేటట్టు. పక్క బల్ల దగ్గర ఒక తాత కూర్చుని ఉండవచ్చు.