పడవ కాపురం ఎవరికి ముచ్చట?

ఇంగ్లండులో వుంటున్న మా మరిదికి కొత్త ముచ్చట పుట్టింది. వెనకటి రోజుల్లో కాలవల మీద బొగ్గు మోసిన పాత పడవ ఒకటి బేరానికొచ్చిందట. దాన్ని కొని, బాగుచేయించి, అందులోనే కాపురం పెడతాడట. "కిటికీ తీస్తే బాతులు వదినా! చరిత్రని కాపాడినట్టూ వుంటుంది" అని ఫోనులో ఒకటే సంబరం. మా ఇంటిల్లిపాదీ ఆహా, ఓహో అన్నారు. మా తోటికోడలు మాత్రం ఫోను దగ్గరికే రాలేదు.

చరిత్ర అన్నాడు కాబట్టి చరిత్రే మాట్లాడుకుందాం. ఆ పడవలు 70 అడుగుల పొడుగు, వెడల్పు 7 అడుగులకి ఓ రవ్వ తక్కువ. అక్కడి లాకులు అంత ఇరుకు మరి. పొడుగంతా సరుక్కే పోగా, మనుషులకి మిగిలేది వెనకాల 10 అడుగుల గది. వంటా, పడకా, పురుడూ అన్నీ అందులోనే. 19వ శతాబ్దంలో రైళ్ళు పోటీకొచ్చి కిరాయిలు పడిపోయాక, కూలివాడికి జీతం ఇచ్చుకోలేక చాలామంది పెళ్ళాంబిడ్డల్ని పడవెక్కించారు. జీతం అడగని కూలీ పెళ్ళాం కాక ఇంకెవరండీ? ఆవిడ చుక్కాని పట్టింది, లాకు తలుపులు వీపుతో తోసింది, ఆ సందులోనే పిల్లల్ని కని పెంచింది. గదుల్లో జనం మరీ కిక్కిరిసిపోతున్నారని 1877లో ఒకసారి, 1884లో మరోసారి పార్లమెంటు చట్టాలు చెయ్యాల్సొచ్చింది. కిరాయి డబ్బు మాత్రం మొగుడి చేతికే ముట్టేది.

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు చాలక చదువుకున్న ఆడపిల్లలు ఈ పడవలెక్కారు. జత పడవల్లో 50 టన్నుల దాకా సరుకు నడిపారు. వాళ్ళ బిళ్ళ మీద ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అనడానికి గుర్తుగా 'ఐ, డబ్ల్యూ' అని రెండక్షరాలుండేవి. జనం దాన్ని 'ఐడిల్ విమెన్' అని చదువుకున్నారు. సోమరి ఆడాళ్ళు! వింటున్నారా?

పాత పడవల్ని బాగుచెయ్యొద్దని నేననను. కుళ్ళి కాలవ పాలైతే ఎవరికి లాభం? కానీ తలుపుల మీద గులాబీలూ కోటలూ మళ్ళీ కొత్తగా దిద్దించి మురిసిపోయేవాళ్ళు, ఆ తలుపు వెనక నడుం విరిగినావిడ సంగతి ఎత్తరేం? ఆవిడ చాకిరీ పోయిందనుకుంటున్నారా? ఇప్పటికీ మరుగుదొడ్డి పెట్టె నిండినప్పుడల్లా మోసుకెళ్ళి పారబోసి కడిగి తేవాలి. ఇనప పడవైతే రెండు మూడేళ్ళకోసారి పైకి తీసి అడుగున తారు పూయాలి. సొంత రేవు లేనివాళ్ళు ఒక్కచోట 14 రోజులు మించి కట్టెయ్యకూడదని 1995 నుంచీ చట్టం. పిల్లల బడి మాత్రం పడవతో కదలదు కదా!

పెనలోపీ ఫిట్జ్‌గెరాల్డ్ అనే నవలా రచయిత్రి థేమ్స్ మీద ఇలాంటి పాత బార్జిలోనే పిల్లలతో కాపురం చేసింది. 1963లో అది కాస్తా మునిగిపోయింది. ఆ బతుకులోంచి పుట్టిన 'ఆఫ్‌షోర్' నవలకి 1979లో బుకర్ బహుమతి వచ్చింది. "చూశావా వదినా, పడవెక్కితే నవల వస్తుంది" అని మా మరిది నాకే ఎర వేశాడు. మునిగిన పదహారేళ్ళకి నాయనా, అన్నాను.

చివరికి నా షరతులు రాసి పంపాను. ఒకటి, కొనేముందు జనవరి నెలంతా అద్దె పడవలో వుండి చూడు. బొగ్గు పొయ్యి నువ్వే రాజెయ్యి, ఆ పెట్టె నువ్వే మొయ్యి. రెండు, ఇల్లు కొనుక్కుందామని దాచిన సొమ్ములో సగం మీ ఆవిడ జీతం. కనక పడవ కాగితాల మీద ఆవిడ పేరు కూడా వుండాలి. మూడు, అసలు ఆవిణ్ణి అడిగావా?

మర్నాడు తోటికోడలు ఫోను చేసింది. "అక్కా, ఆ మూడోది ఈయన నాకు చదివి వినిపించలేదు. ఏం రాశావేంటి?" అంది.