పదిమందిలో పాము చావదు

మేడ్చల్ బజారులో సెల్‌ఫోను అమ్మేవాడు "ఎనిమిది కోర్లండీ!" అనగానే కొనేవారి ముఖం వికసిస్తుంది. ఎనిమిది కోర్లంటే ఎనిమిది మెదళ్లు. కనుక పనీ ఎనిమిదింతల వేగం! లెక్క ముచ్చటగానే ఉంది గాని, నిజం అంత సులువు కాదు సుమా.

అసలీ మంద ఎందుకు వచ్చిందంటారా? పూర్వం ఒకే కోరును యేటేటా మరింత వేగంగా పరుగెత్తించేవారు. వేగంతో పాటు వేడీ పెరిగింది. 2004లో ఇంటెల్ వారు "తేజాస్" అనే చిప్పును మధ్యలోనే మానుకుని, జంట కోర్ల దారి పట్టారు. ఇందులో కిటుకేమంటే, విద్యుత్తు ఖర్చు వోల్టేజి వర్గాన్నీ, వేగాన్నీ బట్టి పెరుగుతుంది. రెంటినీ అయిదో వంతు తగ్గిస్తే ఖర్చు ఇంచుమించు సగమవుతుంది. అటువంటి కోర్లు రెండు పెడితే పాత ఖర్చుకే ఒకటిన్నర రెట్లకు పైగా పని!

మరి వందలకొద్దీ పెట్టరాదా? శామీర్‌పేట వైపు నాట్ల రోజుల్లో చూడండి. మడి దున్ని చదును చేయనిదే ఇరవైమంది కూలీలు వచ్చినా గట్టున కూర్చోవలసిందే. 1967లో జీన్ ఆమ్దాల్ చెప్పిందీ ఇదే. పనిలో పదో వంతు పంచుకోరానిదైతే, 48 కోర్లున్నా ఫలితం ఎనిమిదిన్నర రెట్లు దాటదు. పొదుపు కోసం కోర్లను నెమ్మది చేశామా, ఆ పదో వంతు మరింత సాగుతుంది. అందుకే 2011లో ఆర్మ్ సంస్థ బలమైన కోర్లనూ పొదుపు కోర్లనూ ఒకే చిప్పులో కలిపే పద్ధతి ప్రకటించింది. ఫోనులోని ఎనిమిదీ తరచు సమానులు కారన్నమాట!

ఇక నారుకట్టలు మోసేవాడు ఒక్కడే అయితే నాటేవారెందరున్నా ఏం లాభం? మెమరీ నుంచి అంకెలు అందకపోతే కోర్ల గతీ అంతే. పైగా ప్రతి కోరూ కొన్ని అంకెల నకలు తన దగ్గర దాచుకుంటుంది. ఒకటి తన అంకె మారిస్తే తక్కినవాటికి చాటింపు వేయాలి. ఆ చాటింపుకూ విద్యుత్తు కావాలి.

48 అన్న అంకె నేను ఊరికే చెప్పలేదు. 2009 డిసెంబరులో ఇంటెల్ చూపిన ప్రయోగ చిప్పులో కోర్లు అన్నే. దానిలో బెంగుళూరు ఇంజనీర్ల చెయ్యీ ఉంది. 25 నుంచి 125 వాట్లతో నడిచే ఆ చిప్పులో చాటింపు యంత్రాంగాన్నే తీసివేశారు. దానితో భారమంతా ప్రోగ్రాము రాసేవారి నెత్తిన పడింది. ఎవరి పని ఎవరిదో, ఎవరు ఎవరికి ఎప్పుడు కబురంపాలో వారే రాసుకోవాలి.

మేడ్చల్ చుట్టుపట్ల ఇంజనీరింగు కాలేజీలకు కొదవ లేదు. అక్కడి పిల్లలకు ముందుగా పట్టుబడవలసిన విద్య ఇదే. కర్రలెన్ని తెచ్చినా, ఎవరెక్కడ కొట్టాలో తేల్చుకోనిదే పాము చావదు గదా!