విత్తనం బుట్ట ఎవరిది?

మహిళా సంఘం అంటే సర్కారు లెక్కలో పొదుపు, లోను, కిస్తీ. జహీరాబాద్ పల్లెల్లోని దళిత మహిళల సంఘాలు అక్కడితో ఆగలేదు. కూలికి పోయొచ్చి, వంట చేసి, రాత్రిపూట కూర్చున్న అక్కలు బీడు భూముల గురించి, పాత విత్తనాల గురించి మాట్లాడుకున్నారు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర తీస్తారు. 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. పెద్దకులాల రైతులు సైతం విత్తనం కోసం వీళ్ల గడపకు వస్తున్నారు. ఇది చిన్న మార్పేం కాదు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమన్నది. పేదల తిండని ఈసడించిన కొర్రలు నగరాల్లో ఖరీదైన ప్యాకెట్లయ్యాయి. ఆ ధరలో విత్తనం కాపాడిన చేతుల వాటా ఎంత? వాళ్ల ఊరి రేషన్ షాపులో మాత్రం ఇప్పటికీ బియ్యమే.