గోనెపట్టా వాసన

గుడివాడలో మోజుపడి కొన్న స్పాంజి పరుపుని బందరు తెచ్చి వరండాలో వేస్తే, మా ఐదు నెలల కుక్కపిల్ల దాన్ని వాసన చూసి, తుమ్మి, పోయి నా చెప్పుల పక్కన గచ్చు మీద పడుకుంది. "దొరగారికి పరుపు ఆనలేదురా అబ్బాయ్" అని మా అత్తయ్య ఒకటే నవ్వు. తప్పు దానిది కాదు, నాది. వచ్చిన రోజు నుంచీ పడుకున్న గోనెపట్టా కంపు కొడుతోందని ముందురోజే పారేశాను. మనకది కంపు, ముక్కుతో లోకాన్ని చదువుకునే దానికి అదే ఇల్లు. కొత్త పక్కని పాత చోటే వేసి, పైన పాత గుడ్డ ఉతక్కుండా పరవాలి. తనంతట తను ఎక్కితే ముల్లు తీసిన ఉడికించిన చేప ముక్క (బందరులో చేపకి కరువా!) పెట్టాలి. ఎత్తుకెళ్లి కుదేశామో, ఇక ఆ దరిదాపులకి రాదు. పైగా నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే కాలం, ఆ దురదకి స్పాంజి పీలికలే, మింగిందంటే ఆస్పత్రే. అసలు బందరు ఉక్కలో, వానల్లో ఆరి చావని ఆ స్పాంజి దేనికండీ? ఉతికి దండెం మీద ఆరేసుకునే పాత బొంత చాలు. మావాడు ఇప్పుడు తల బొంత మీద, పొట్ట చల్లటి గచ్చు మీద పెట్టి గురకపెడుతున్నాడు.