మహిళల కప్పుకూ సొంతగడ్డ కావాలి

పుణెలోని బాలేవాడిలో 2025 ఏప్రిల్‌లో జరిగిన మహిళల జట్ల టెన్నిస్ టోర్నీ బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీల్లో హైదరాబాద్ అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఐదు సింగిల్స్ ఆడి ఐదూ గెలిచింది. హైదరాబాద్‌కే చెందిన యమలపల్లి సహజ, సీనియర్ అంకిత రైనా ఉన్న భారత జట్టు న్యూజిలాండ్ ఒక్కదానికే తలవంచింది. థాయ్‌లాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, దక్షిణ కొరియాలను ఓడించి ప్లేఆఫ్‌కు చేరింది. మన మహిళలు ఆ మెట్టు ఎక్కడం దేశ చరిత్రలో అది రెండోసారి మాత్రమే. ఇదంతా సొంత ప్రేక్షకుల కేరింతల మధ్య జరగడం ఆ ఏడాది కలిసొచ్చిన అదృష్టం. మన పురుషుల జట్టుకు అలాంటి అదృష్టంతో పనిలేదు. డేవిస్ కప్ నిబంధనలే వారికి ఆ అవకాశాన్ని హక్కుగా ఇస్తున్నాయి.

రెండు కప్పులనూ నడిపేది ఒకే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య. డేవిస్ కప్‌లో ప్రపంచ గ్రూప్-1, గ్రూప్-2 స్థాయి జట్లు కూడా ఇంటా బయటా పద్ధతిలోనే ఆడతాయి. రెండు దేశాలు గతసారి ఎవరి గడ్డపై తలపడ్డాయో చూసి ఈసారి ఆతిథ్యం రెండో దేశానికి ఇస్తారు. ఈ ఇంటా బయటా పద్ధతిలోనే మన పురుషులు 2024 ఫిబ్రవరిలో ఇస్లామాబాద్ వెళ్లి పాకిస్థాన్‌తో ఆడారు, 2025 ఫిబ్రవరిలో టోగో జట్టు ఢిల్లీకి వచ్చింది, సెప్టెంబరులో మనవాళ్లు బీల్‌లో స్విట్జర్లాండ్‌ను ఓడించి వచ్చారు. ఒక్కో పోరుకు రెండు రోజులు, నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్. తొలిరోజు ఓడిన ఆటగాడు మర్నాడు మరో ప్రత్యర్థిపై సత్తా చాటుకోవచ్చు.

అదే స్థాయి మహిళల జట్లకు జరుగుతున్నదేమిటి? ఆరు దేశాలను ఒక ఊరికి పిలిచి, ఐదు రోజుల్లో ఐదు పోరాటాలు ముగిస్తున్నారు. ఒక్కో పోరుకు రెండు సింగిల్స్, ఒక డబుల్స్, అంతే. నిన్నటి ఓటమి నుంచి తేరుకునే వ్యవధి ఉండదు. మూడో నంబరు క్రీడాకారిణికి అవకాశం అందేది అరుదు. ఆతిథ్య దేశం తప్ప మిగిలిన ఐదు దేశాల అభిమానులకు తమ జట్టు ఆట కళ్లారా చూసే వీలే లేదు. ఫైనల్స్‌లో పురుషులతో సమానంగా ప్రైజ్‌మనీ ఇస్తున్నామని సమాఖ్య గర్వంగా చెప్పుకుంటోంది. అది మంచి పనే. కానీ ఆ సమానత్వం శిఖరం దగ్గరే ఆగిపోయింది. ఆసియా-ఓషియానియా గ్రూప్-1, ఐరోపా, అమెరికా ఖండాల్లో దానికి సమానమైన గ్రూపుల నుంచి పైస్థాయి వరకూ మహిళలకు కూడా డేవిస్ కప్‌లో ఉన్నట్టే ఇంటా బయటా పోరాటాలు ఉండి తీరాలి. ఇందులో మినహాయింపులు, వాయిదాలు అక్కర్లేదు.

మహిళలను వెనక వరసలో నిలబెట్టడం ఈ కప్పు పుట్టకముందు నుంచీ ఉన్నదే. పురుషుల డేవిస్ కప్ 1900లో మొదలైంది. మహిళలకూ అలాంటి పోటీ కావాలని అమెరికా క్రీడాకారిణి హేజల్ వైట్‌మన్ 1919లోనే అడిగింది. ఆమె పేరిట 1923లో అమెరికా-బ్రిటన్ మధ్య ఒక పోటీ మొదలైంది గానీ, అన్ని దేశాలూ పాల్గొనే ఫెడరేషన్ కప్ రావడానికి 1963 దాకా ఆగాల్సి వచ్చింది. లండన్ క్వీన్స్ క్లబ్‌లో 16 దేశాలతో జరిగిన ఆ తొలి పోటీని గెలిచిన అమెరికా జట్టులో 19 ఏళ్ల బిల్లీ జీన్ మాఫిట్ ఉంది. తర్వాత బిల్లీ జీన్ కింగ్‌గా ప్రపంచం ఎరిగిన ఆమె, పదేళ్లకు మహిళా టెన్నిస్ సంఘాన్ని (డబ్ల్యూటీఏ) నిలబెట్టింది. అదే ఏడాది అమెరికన్ ఓపెన్‌లో స్త్రీ పురుషులకు సమాన బహుమతి ఇచ్చే నిర్ణయం వెనుక ఆమె పట్టుదల ఉంది. 2020లో కప్పుకు ఆమె పేరు పెట్టారు. సమాన హక్కు కోసం జీవితమంతా పోరాడిన మనిషి పేరున్న పోటీలో ఈ వివక్ష కొనసాగకూడదు.

ఇంటా బయటా పద్ధతి మహిళలకు దక్కింది 1995లో. అది ఏం సాధించిందో చెక్ రిపబ్లిక్ చూపించింది. 2011 నుంచి 2018 వరకు వాళ్లు గెలిచిన ఆరు కప్పుల్లో నాలుగింటి ఫైనల్ ప్రాగ్‌లోనే జరిగింది. పెత్రా క్వితోవా ఆడుతుంటే ఆ ఊరు ఊగిపోయేది. ఆ పాత పద్ధతిలో చివరి ఫైనల్ 2019 నవంబరులో పెర్త్‌లో జరిగింది. అప్పటి ప్రపంచ నంబర్‌వన్ ఆష్లీ బార్టీని ఫ్రాన్స్ క్రీడాకారిణి క్రిస్టినా మ్లాదెనోవిచ్ మూడో సెట్ టైబ్రేక్‌లో ఓడించింది. ఆస్ట్రేలియా స్కోరు సమం చేసింది. ఆఖరి డబుల్స్‌లో మ్లాదెనోవిచ్, కరోలిన్ గార్సియా జోడీ కప్పును ఎగరేసుకుపోయింది. 13 వేలకు పైగా జనం ఊపిరి బిగబట్టి చూశారు.

దేశం తరఫున, ఒక గడ్డ మీద ఆడడంలో ఉండే బరువును 1986 ప్రాగ్ మరింత గట్టిగా చెబుతుంది. ఆ ఏడాది పోటీలన్నీ ఆ ఒక్క నగరంలోనే జరిగాయి. మార్తినా నవ్రతిలోవా 1975లో చెకోస్లొవేకియాకు ఇదే కప్పును గెలిపించి, ఆ ఏడాదే దేశం విడిచి అమెరికాలో ఆశ్రయం పొందింది. పదకొండేళ్ల తర్వాత అమెరికా జట్టు సభ్యురాలిగా పుట్టిన ఊరికి వచ్చింది. ప్రభుత్వానికి ఆమె పేరు పలకడమే ఇష్టంలేదు. జనం మాత్రం లేచి చప్పట్లు కొట్టారు. ఫైనల్‌లో సొంత దేశపు హానా మాండ్లికోవాను ఆమె ఓడించినా ఆ అభిమానం తగ్గలేదు. ఎక్కడ ఆడుతున్నారన్నది ఆటకు ఎంత అర్థాన్ని ఇస్తుందో ఆనాడు ప్రాగ్‌లో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అలాంటి కప్పు తుది దశను ఒకే నగరంలో వారం రోజుల ఫైనల్స్‌గా కుదించాక ఒరిగిందేమిటి? 2023లో మెక్సికోలోని కాన్‌కూన్‌లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ ముగిసిన మర్నాడే స్పెయిన్‌లోని సెవిల్‌లో ఈ పోటీలు మొదలుపెట్టారు. కాన్‌కూన్‌లో విజేతగా నిలిచిన ఇగా శ్వియాంటెక్ లేకుండానే పోలండ్ ఆడింది. 2024లో మలగాలో పురుషుల, మహిళల ఫైనల్స్ ఒకేచోట పెట్టారు. రఫేల్ నాదల్ వీడ్కోలు మ్యాచ్ మర్నాడు ఇటలీ మహిళలు కప్పు గెలిచారు. ప్రపంచం చూపంతా నాదల్ మీదే ఉంది. ఇటలీ ఆ మరుసటి ఏడాది షెంజెన్‌లో మళ్లీ గెలిచింది, కానీ రెండుసార్లూ సొంత అభిమానులకు దూరంగానే.

ఖర్చు పెరుగుతుందనేది తొలి అభ్యంతరం. చిన్న దేశాలకు ఇది నిజమైన సమస్యే. అందుకే కింది గ్రూపుల్లో ఒకే వేదిక పద్ధతి కొనసాగాలి, డేవిస్ కప్‌లోనూ గ్రూప్-3 నుంచి అదే నడుస్తోంది. పైస్థాయిలో మాత్రం పురుషులకు దొరికే డబ్బు మహిళలకు ఎందుకు దొరకదో సమాఖ్య జవాబు చెప్పాలి. క్యాలెండర్‌లో చోటు లేదన్న వాదన నిలవదు. ప్లేఆఫ్‌కు, గ్రూపు పోటీలకు ఇప్పటికే కేటాయించిన వారాల్లో రెండు రోజుల పోరాటాలు సులువుగా ఇముడుతాయి.

సొంతగడ్డ గెలుపును రాసివ్వదు. 2025 నవంబరులో ప్లేఆఫ్ బెంగళూరులోనే జరిగినా స్లొవేనియా, నెదర్లాండ్స్‌లను దాటి మన జట్టు ముందుకు పోలేకపోయింది. అయినా ఆ వేదిక విలువ తగ్గదు. 2015 ఏప్రిల్‌లో సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్ అయిన వెంటనే హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ఇదే కప్పు గ్రూప్-2 పోటీలకు సారథ్యం వహించింది. జట్టును గ్రూప్-1కు చేర్చింది. బిడ్డ పుట్టాక తిరిగొచ్చి 2020లో దుబాయ్‌లో జట్టును తొలిసారి ప్లేఆఫ్‌కు తీసుకెళ్లింది. అందుకు ఫెడ్ కప్ హార్ట్ పురస్కారం పొందిన తొలి భారతీయురాలై, ఆ నగదును తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది. ఆమె తరువాతి తరం శ్రీవల్లి, సహజ రూపంలో ఇప్పుడు దేశానికి ఆడుతోంది. వాళ్ల ఆటను సొంత ఊళ్లో చూపించే బాధ్యత తెలంగాణ ప్రభుత్వానిది. మన దేశానికి ఆతిథ్యం దక్కినప్పుడల్లా హైదరాబాద్ పోటీలో ముందుండాలి.

డేవిస్ కప్ రూపురేఖలను 2018లో ఓర్లాండోలో సభ్య దేశాల ఓటుతోనే మార్చారు. ఓటు హక్కున్న భారత టెన్నిస్ సంఘం మహిళలకు ఇంటా బయటా పద్ధతి కోరుతూ వచ్చే వార్షిక సమావేశంలోనే తీర్మానం ప్రవేశపెట్టాలి, ఆసియా దేశాల మద్దతు కూడగట్టాలి. కొరియా, థాయ్‌లాండ్, తైపీ జట్లు కూడా ఇదే ఇబ్బంది పడుతున్నాయి.